ప్రాజెక్టుకు ఏ లోహ హాలైడ్? బరంపురం తేమకు ఒకటి, బల్లార్షా ఎండకు మరొకటి

"ఏదైనా ఒక లవణం తయారు చేసి దాని ధర్మాలు రాయండి" అని ప్లస్ టూ కెమిస్ట్రీలో ప్రాజెక్టు ఇవ్వగానే పిల్లలు రంగు చూసి ఎంచుకుంటారు. ఆకుపచ్చగా ఉంటుందని ఒకరు కాపర్ క్లోరైడ్ అంటారు, బంగారంలా మెరుస్తుందని మరొకరు లెడ్ అయొడైడ్ అంటారు. తల్లిదండ్రులు ధర అడుగుతారు. కొందరు లెక్చరర్లు పోయిన ఏడాది రికార్డునే మళ్లీ ముందు పెడతారు. ఊరి గాలి ఎలా ఉందో చూసి ఎంచుకునేవారు తక్కువ. లోహ హాలైడ్ల (లోహాల క్లోరైడ్, బ్రోమైడ్, అయొడైడ్ లాంటి లవణాల) విషయంలో మొదట చూడవలసింది దాన్నే.

సరిహద్దుకు అవతల తెలుగువాళ్లు ఉంటున్న ఊళ్లన్నిటిలో గాలి ఒకలా ఉండదు. ఒడిశాలో గంజాం జిల్లాలోని బరంపురం, గోపాలపురం, ఛత్రపురం వైపు సముద్రపు గాలి. వానాకాలంలో అక్కడ గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్న కొండ ఊరు, అక్కడ వేసవి కూడా మరీ మండదు. మహారాష్ట్ర వైపు బల్లార్షా, చంద్రపూర్, సిరోంచలలో మే నెల వేరే లోకం. ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, పెదవులు పగిలేంత పొడి గాలి వీస్తుంది. బరంపురంలో తడిసి ముద్దయ్యే లవణం బల్లార్షాలో పొడిగానే ఉండవచ్చు. అక్కడే మరో లవణం ఎండ వేడికి సీసాలోనే కరిగిపోవచ్చు. అందుకే ఈ రెండు వైపుల పిల్లలకు ఒకే సలహా చెల్లదు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది చెమ్మగిల్లే హద్దు. నీటిలో కరిగే ప్రతి లవణానికీ ఒక హద్దు ఉంటుంది. గాలిలో తేమ ఆ హద్దు దాటితే లవణం నీటిని లాగుకొని తన ద్రావణంలో తానే కరిగిపోతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లిథియం క్లోరైడ్‌కు ఆ హద్దు సుమారు 11 శాతం, కాల్షియం క్లోరైడ్‌కు 29, మెగ్నీషియం క్లోరైడ్‌కు 33, సోడియం బ్రోమైడ్‌కు 58, పొటాషియం అయొడైడ్‌కు 69, సోడియం క్లోరైడ్‌కు 75, పొటాషియం క్లోరైడ్‌కు 84. ఈ వరుసను రికార్డు మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. వానాకాలపు బరంపురంలో వీటిలో పొడిగా నిలిచే అవకాశం ఉన్నది చివరిది ఒక్కటే.

రెండోది స్ఫటిక జలం (స్ఫటికంలో బంధమై ఉన్న నీరు) ఉన్న లవణం, అంటే హైడ్రేట్, కరిగే ఉష్ణోగ్రత. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ (ఆరు నీటి అణువులున్నది) 37 డిగ్రీల దగ్గరే, కాల్షియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 30 డిగ్రీల దగ్గరే కరుగుతాయి. చంద్రపూర్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం ఈ రెండింటి సీసాలూ గట్టిగా మూత పెట్టి ఉన్నా లోపల ద్రవమే కనిపిస్తుంది. అందులో తేమ తప్పేమీ లేదు, ఎండ వేడే కారణం.

మిగతావి మామూలు ప్రశ్నలే. ముడి సరుకు ఊళ్లో దొరుకుతుందా? తయారయ్యే వాయువు, మిగిలే వ్యర్థం ఎంత ప్రమాదం? వైవాలో చెప్పడానికి విషయం ఉంటుందా? ఈ చివరి ప్రశ్నకు ఎక్కువ బరువు ఇస్తాను. అందమైన స్ఫటికం కన్నా అది ఎందుకు రాలేదో వివరించగలగడమే మంచి ప్రాజెక్టు.

| లవణం | తడి గాలిలో | మండే వేసవిలో | ముడి సరుకు | జాగ్రత్త |
|---|---|---|---|---|
| కాపర్ క్లోరైడ్ | తడుస్తుంది | కొంత నీరు పోయి పొడిబారుతుంది | మైలతుత్తం, సోడియం కార్బొనేట్ | చేపలకు విషం |
| కాల్షియం క్లోరైడ్ | కారిపోతుంది | హైడ్రేట్ కరుగుతుంది | సున్నపురాయి, గవ్వలు | తక్కువ |
| ఫెర్రిక్ క్లోరైడ్ | కారిపోతుంది | హైడ్రేట్ కరుగుతుంది | ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ | ఆమ్ల గుణం, పోని మరకలు |
| జింక్ క్లోరైడ్ | పాకంలా ఉండిపోతుంది | పాకంలాగే ఉంటుంది | జింక్ ముక్కలు | చర్మాన్ని కాలుస్తుంది |
| లెడ్ అయొడైడ్ | మార్పు లేదు | మార్పు లేదు | లెడ్ నైట్రేట్, పొటాషియం అయొడైడ్ | సీసపు విషం |
| శుద్ధి చేసిన సోడియం క్లోరైడ్ | 75 శాతం దాటితే తడి | మార్పు లేదు | కళ్లుప్పు | దాదాపు లేదు |

కాపర్ క్లోరైడ్: ఎక్కువ మందికి ఇదే

ఎటూ తేల్చుకోలేక ఒక్క పేరు చెప్పమంటే దీన్నే చెబుతాను. ముడి సరుకు కోసం విశాఖపట్నం దాకా పోనక్కర్లేదు. బోర్డో మిశ్రమానికి రైతులు కొనే మైలతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, ఎరువుల దుకాణాల్లో దొరుకుతుంది. రాగి తీగను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే సరిపోతుంది కదా అనుకోకండి. రాగి ఆ ఆమ్లం నుంచి హైడ్రోజన్‌ను వెళ్లగొట్టలేదు, తీగ అలాగే ఉండిపోతుంది. కాబట్టి కార్బొనేట్ దారిలోనే వెళ్లాలి.

10 గ్రాముల మైలతుత్తాన్ని 100 మి.లీ. వేడి నీటిలో కరిగించండి. 5 గ్రాముల అనార్ద్ర (స్ఫటిక జలం లేని) సోడియం కార్బొనేట్‌ను వేరే నీటిలో కరిగించి, బుసబుస పొంగకుండా కొంచెం కొంచెంగా అందులో పోయండి. నీలి ఆకుపచ్చ రంగు క్షార కాపర్ కార్బొనేట్ అవక్షేపంగా దిగుతుంది. దాన్ని వడపోసి వేడి నీటితో పలుమార్లు కడగాలి. ప్రాజెక్టు మంచిచెడ్డలు తేలేది ఇక్కడే. కడిగిన నీటిలో బుడగలు ఆగేదాకా విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి, ఆపై ఒక చుక్క బేరియం క్లోరైడ్ వేస్తే తెల్లగా మారకూడదు. మారిందంటే సల్ఫేట్ ఇంకా ఉన్నట్టే. దాన్ని వదిలేస్తే చివరికి చేతికి వచ్చేది కాపర్ క్లోరైడ్, కాపర్ సల్ఫేట్ కలగలిసిన స్ఫటికాలు. రంగు బాగానే ఉంటుంది, ధర్మాలు మాత్రం రెండింటివీ కలిసి వస్తాయి.

కడిగిన అవక్షేపానికి 2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సుమారు 40 మి.లీ. కలిపితే కార్బన్ డయాక్సైడ్ బుడగలు పోయి ఆకుపచ్చ ద్రావణం మిగులుతుంది. ఒకటి రెండు మి.లీ. ఆమ్లం ఎక్కువైనా మంచిదే. ఆమ్లం చాలకపోతే ఇగిర్చేటప్పుడు క్షార క్లోరైడ్ ఏర్పడి అడుగున పాలిపోయిన పొడిలా దిగుతుంది. ఇగిర్చడం నీటి ఆవిరి మీదే, పింగాణీ గిన్నెలో, అదీ కిటికీలు తెరిచిన గదిలో. ద్రావణం చిక్కబడి పైన పొర కడుతుండగా దించి చల్లార్చండి. సూదుల్లాంటి నీలి ఆకుపచ్చ స్ఫటికాలు వస్తాయి. లెక్క ప్రకారం ఈ కొలతలకు డైహైడ్రేట్ 6.8 గ్రాములు రావాలి. 5 గ్రాములు చేతికి వస్తే బాగా చేసినట్టే, మిగతాది తల్లి ద్రావణంలో (స్ఫటికాలు తీశాక మిగిలిన ద్రావణంలో) ఉంటుంది.

ధర్మాల పేజీ దీనికి చాలా గొప్పగా ఉంటుంది. చిక్కటి ద్రావణం ఆకుపచ్చ. నీళ్లు పోస్తూ పోతే నీలమవుతుంది. మళ్లీ ఉప్పు కలిపితే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. కాపర్ అయాన్ చుట్టూ క్లోరైడ్లు ఉండాలా నీటి అణువులు ఉండాలా అన్న పోటీ అది. సమతాస్థితిని కదిపితే అది ఆ మార్పును తగ్గించే వైపు జరుగుతుందనే లీ షాట్లియర్ సూత్రాన్ని ఇంత కంటికి కనబడేలా చూపే లవణాలు కొన్నే ఉన్నాయి. జ్వాలా పరీక్షలో నీలి ఆకుపచ్చ మంట వస్తుంది. స్ఫటికాలను మెల్లగా వేడి చేస్తే నీరు పోయి పసుపు గోధుమ రంగు అనార్ద్ర లవణం మిగులుతుంది. గట్టిగా వేడి చేస్తే మాత్రం హైడ్రోజన్ క్లోరైడ్ కూడా పోయి క్షార లవణం వస్తుంది.

లోపం కూడా చెప్పాలి. ఈ లవణం తడి గాలిలో చెమ్మగిల్లుతుంది, బాగా పొడి గాలిలో తన నీటిని పోగొట్టుకుంటుంది. గంజాం తీరంలో ఆగస్టులో చేస్తే సీసా మూత గట్టిగా బిగించాలి. బల్లార్షాలో మేలో చేస్తే స్ఫటికాల మెరుపు తగ్గిపోతుంది. రెండు చోట్లా డిసెంబరు, జనవరి మంచివి.

కాల్షియం క్లోరైడ్: తీరంలో ఉన్నవారికి ఒక ఉపాయం

నిల్వ చేయడానికి ఇది చాలా చెడ్డ లవణం. అయినా బరంపురం పిల్లలకు దీన్నే ఎక్కువగా సిఫారసు చేస్తాను. ఎందుకంటే చెమ్మగిల్లడాన్నే ప్రాజెక్టుగా మార్చుకోవచ్చు.

తయారీలో చిక్కేమీ లేదు. సున్నపురాయి గాని చలువరాయి ముక్కలు గాని గోపాలపురం ఒడ్డున ఏరిన ఆల్చిప్పలు గాని తీసుకొని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేయాలి. చంద్రపూర్ జిల్లాలో సున్నపురాయికి కొరత లేదు, గడ్చాందూర్ వైపు సిమెంటు కర్మాగారాలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. రాయి ఎక్కువ, ఆమ్లం తక్కువ ఉండేలా చూసుకోండి. బుడగలు ఆగిపోయాక ఇంకా రాయి మిగిలి ఉంటే ఆమ్లం అయిపోయినట్టు లెక్క. రాతిలో ఇనుము ఉంటే ద్రావణం పసుపు పట్టి ఉంటుంది. చిటికెడు తడి సున్నం కలిపితే ఇనుము హైడ్రాక్సైడ్‌గా దిగిపోతుంది, వడపోయాలి. 10 గ్రాముల స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ కరిగితే 11.1 గ్రాముల అనార్ద్ర లవణం రావాలి.

ద్రావణాన్ని ఇగిర్చి, ఆపై 200 డిగ్రీలు దాటేలా బాగా వేడి చేస్తే తెల్లటి బెజ్జాల ముద్ద మిగులుతుంది. మెగ్నీషియం క్లోరైడ్‌ను ఇలా చేయబోతే నీటితోపాటు హైడ్రోజన్ క్లోరైడ్ కూడా పోయి చివరికి ఆక్సైడ్ వైపు దారి తీస్తుంది. కాల్షియం క్లోరైడ్ మాత్రం చాలావరకు అలాగే నిలుస్తుంది. ఒకే గ్రూపులోని రెండు లోహాల మధ్య ఈ తేడా వైవాలో అడగదగిన ప్రశ్న. మెగ్నీషియం అయాన్ చిన్నది, నీటి అణువును గట్టిగా పట్టి దాన్నే విడగొడుతుంది.

ఇక అసలు పని. ఆ ముద్దను తూచి ఒక గిన్నెలో గాలికి వదిలేయండి. ప్రతి రోజూ ఒకే సమయానికి తూచి, గదిలో తేమ ఎంత ఉందో పక్కన రాసుకోండి. ఆరు నీటి అణువులు చేరేసరికి లవణం దాదాపు తన బరువంత నీటిని తాగి ఉంటుంది. 111 భాగాల లవణానికి 108 భాగాల నీరు మరి. అక్కడితో ఆగదు, తీరపు గాలిలో ద్రవమై ఇంకా తాగుతుంది. గ్రాఫు గీస్తే వంపు ఎక్కడ మారిందో కనిపిస్తుంది. ఇదే ప్రయోగం సిరోంచలో ఉన్న బంధువుల పిల్లవాడు కూడా చేస్తే రెండు గ్రాఫులను పక్కపక్కన పెట్టవచ్చు. పరీక్షకు వచ్చే ఎగ్జామినర్ ఎక్కడా చూడని రికార్డు అవుతుంది.

ఇంకో చిన్న పరీక్ష: అనార్ద్ర లవణాన్ని నీటిలో వేస్తే బీకరు వేడెక్కుతుంది. హెక్సాహైడ్రేట్‌ను వేస్తే చల్లబడుతుంది. లవణం అదే, ఫలితం తలకిందులు.

ఇళ్లలో అల్మారాలకు అమ్మే తేమ పీల్చే డబ్బాల్లో ఎక్కువగా ఉండేది ఇదే. బరంపురం పట్టుచీరల మధ్య అలాంటిది పెట్టాలనుకునేవారు డబ్బా నిలువుగా ఉందో లేదో రోజూ చూడాలి. కారిన ఆ ద్రవం జరీ మీద పడితే లోహం పాడవుతుంది, బట్టేమో ఆరనే ఆరదు. చీరలకు సిలికా జెల్ సంచులే మేలు.

ఫెర్రిక్ క్లోరైడ్: పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలకు

స్ఫటికాలు చూపించాలనుకుంటే దీని జోలికి పోవద్దు. ద్రావణంగా పనికి రావాలంటే దీన్ని మించింది లేదు. సర్క్యూట్ బోర్డుల మీది రాగిని కరిగించడానికి వాడేది ఇదే. ఆ పనిలో ఫెర్రిక్ క్లోరైడ్ ఫెర్రస్‌గా మారి, రాగి కాపర్ క్లోరైడ్‌గా ద్రావణంలోకి దిగుతుంది. అంటే వాడేసిన ద్రావణంలో మన మొదటి లవణం ఉన్నట్టే.

ఇనుప మేకులను గాని పాత్రలు తోమే ఇనుప పీచును గాని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే లేత ఆకుపచ్చ ఫెర్రస్ క్లోరైడ్ వస్తుంది. వెలువడే హైడ్రోజన్ దగ్గర మంట ఉండకూడదు. వడపోసి, ఇంకొంత ఆమ్లం చేర్చి, మందుల దుకాణంలో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను చల్లటి నీటిలో పెట్టిన బీకరులోకి చుక్క చుక్కగా వేయాలి. ఒక్కసారి పోస్తే ఇనుము ఉత్ప్రేరకంగా పనిచేసి పెరాక్సైడ్ విరిగి బీకరు పొంగిపోతుంది. రంగు పసుపు గోధుమకు మారాక ఒక చుక్క పొటాషియం ఫెర్రిసయనైడ్‌తో పరీక్షించండి. ముదురు నీలం వస్తే ఫెర్రస్ ఇంకా ఉంది.

ఈ ద్రావణాన్ని ఎండబెట్టి అనార్ద్ర లవణం చేద్దామని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. కుదరదు. వేడికి జలవిశ్లేషణ జరిగి హైడ్రోజన్ క్లోరైడ్ పోతుంది, ఎర్రటి ఆక్సైడ్ మిగులుతుంది. అనార్ద్ర ఫెర్రిక్ క్లోరైడ్ కావాలంటే వేడి ఇనుము మీదుగా పొడి క్లోరిన్ పంపాలి. అది కళాశాల ప్రయోగశాలలో చేయవలసిన పని కాదు, ఇంట్లో అసలే కాదు.

టైల్స్ కడిగే యాసిడ్ (ముడి హైడ్రోక్లోరిక్ ఆమ్లం) పసుపుగా ఎందుకుంటుందో కూడా ఇక్కడే రాయవచ్చు. అందులో కొద్దిగా కలిసి ఉన్న ఫెర్రిక్ క్లోరైడ్ వల్లే. కాపర్, జింక్ లవణాలకు ఆ ఆమ్లం వాడకండి.

జింక్ క్లోరైడ్: చేసినా చూపించడం కష్టం

100 గ్రాముల నీటిలో 400 గ్రాములకు మించి కరిగే లవణం నుంచి స్ఫటికాలు తీయడం ఎంత కష్టమో ఊహించుకోండి. బరంపురంలోనైనా బల్లార్షాలోనైనా చివరికి మిగిలేది పాకమే. పైగా చిక్కటి జింక్ క్లోరైడ్ సెల్యులోజ్‌ను కరిగిస్తుంది, అంటే వడపోత కాగితమే చిల్లులు పడుతుంది. వడపోసేదేదో పలుచగా ఉన్నప్పుడే వడపోయాలి. టంకం వేసేవాళ్లకు ఇది ఫ్లక్స్‌గా పనికి వస్తుంది కాబట్టి వృత్తి విద్యా కోర్సువాళ్లు చేయవచ్చు. మిగతావారు వదిలేయండి.

లెడ్ అయొడైడ్: గాలికి చలించదు, చేతికి మంచిది కాదు

తేమ, ఎండ రెండింటినీ లెక్కచేయనిది ఇదొక్కటే. నీటిలో దాదాపు కరగదు. గది ఉష్ణోగ్రత దగ్గర లీటరుకు గ్రాము కూడా కరగదు, మరిగే నీటిలో లీటరుకు 4 గ్రాములకు పైగా కరుగుతుంది. ఆ తేడా వల్లే వేడి ద్రావణం చల్లారుతుంటే బంగారు రేకులు రాలతాయి. కొలత కూడా సులువు. లెడ్ నైట్రేట్ ఒక మోల్ 331 గ్రాములు, పొటాషియం అయొడైడ్ రెండు మోళ్లు 332 గ్రాములు. అంటే రెండింటినీ సమాన బరువులో తీసుకుంటే చాలు. ఒక్కోటి పావు గ్రాము, నీరు 100 మి.లీ. సరిపోతాయి. అయొడైడ్ మరీ ఎక్కువైతే అవక్షేపం సంక్లిష్ట అయాన్‌గా మారి మళ్లీ కరిగిపోతుంది.

పై చదువుల మీద కన్నున్నవారికి ఇందులో ఇంకో ఆకర్షణ ఉంది. సౌర ఘటాల్లో 2009లో జపాన్‌కు చెందిన త్సుతోము మియాసాకా బృందం మొదటిసారి వాడిన పెరోవ్‌స్కైట్ (ఒక ప్రత్యేక స్ఫటిక నిర్మాణం ఉన్న) పదార్థాలు సీసపు హాలైడ్లే. అప్పటి సామర్థ్యం 3.8 శాతం మాత్రమే. ఇప్పుడు అది సిలికాన్‌తో పోటీపడే స్థాయికి వచ్చింది. అయినా సీసం సీసమే. లెక్చరర్ పక్కన లేకుండా, చేతి తొడుగులు లేకుండా, ఇంటి వంటగదిలో చేయకూడదు. ఆ షరతులు కుదరకపోతే ఈ ఎంపికను ఇక్కడితో మరిచిపోండి.

శుద్ధి చేసిన ఉప్పు: చిన్న తరగతులకు

ప్రయోగశాల లేని బడిలో, తొమ్మిది పది తరగతుల పిల్లలకు గంజాం దగ్గర హుమ్మ ఉప్పుమడుల కళ్లుప్పు చాలు. కళ్లుప్పు త్వరగా తడవడానికి అందులోని మెగ్నీషియం క్లోరైడ్ ముఖ్య కారణం. పైన చెప్పిన హద్దుల్లో 33కీ 75కీ ఉన్న తేడా గుర్తుందా? ఉప్పును నీటిలో కరిగించి వడపోసి, కొంచెం సోడియం కార్బొనేట్ కలిపితే కాల్షియం, మెగ్నీషియం తెల్లగా దిగుతాయి. మళ్లీ వడపోసి, బుడగలు ఆగేదాకా చుక్క చుక్కగా విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి, ఇగిర్చాలి. చల్లార్చి స్ఫటికాలు తీయబోతే రావు. ఉప్పు వేడి నీటిలోనూ చన్నీటిలోనూ దాదాపు ఒకేలా, 100 గ్రాముల నీటికి 36 నుంచి 39 గ్రాముల దాకా కరుగుతుంది. శుద్ధి చేసినది, చేయనిది రెండు గిన్నెల్లో పక్కపక్కన పెట్టి ఏది ముందు తడుస్తుందో చూడటమే ప్రాజెక్టు.

ఎవరికి ఏది

గంజాం తీరంలో వానాకాలంలో చేయవలసివస్తే కాల్షియం క్లోరైడ్, చలికాలం దాకా ఆగగలిగితే కాపర్ క్లోరైడ్. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడలో కాపర్ క్లోరైడ్. కోరాపుట్, జయపురం కొండల్లో కూడా అదే. అక్కడ వానలు ఎక్కువ కాబట్టి డెసికేటర్ (లవణాలను పొడిగా ఉంచే మూత పాత్ర) ఉన్న కళాశాలలో చేయడం మంచిది. చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ వైపువారు వేసవిలో ఫెర్రిక్, కాల్షియం లవణాల స్ఫటికాలకు ప్రయత్నించకుండా ఉంటే పరువు దక్కుతుంది. మంచి ల్యాబ్, ఓపిక ఉన్న లెక్చరర్, తూకం యంత్రం మూడూ ఉన్నవారే లెడ్ అయొడైడ్ తీసుకోవాలి.

ఛత్రపురం దగ్గరి ప్రభుత్వ రంగ కర్మాగారంలో సముద్రపు ఇసుకలోని మోనజైట్ నుంచి అరుదైన మృత్తిక మూలకాల మిశ్రమ క్లోరైడ్ తయారవుతుంది. బరంపురం పిల్లలు ప్రాజెక్టు పీఠికలో ఆ సంగతి రెండు వాక్యాలు రాస్తే స్థానిక ప్రాధాన్యం అనే శీర్షికకు వేరే వెతుకులాట ఉండదు.

వ్యర్థాల గురించి ఒక మాట. కాపర్ ద్రావణాలను చెరువులో గాని ఋషికుల్య, మహేంద్రతనయ లాంటి నదుల్లో గాని పోయకండి. వాటిలో ఇనుప మేకులు వేసి ఒక రోజు ఉంచితే రాగి మేకుల మీద ఎర్రగా దిగిపోతుంది. నీలి రంగు పూర్తిగా పోయాక ద్రవాన్ని సోడాతో తటస్థం చేసి పారబోయవచ్చు. లెడ్ అయొడైడ్ ద్రావణాలు, కడిగిన నీళ్లు, వడపోత కాగితాలు అన్నీ ఒకే సీసాలో వేసి, "సీసం" అని చీటీ అంటించి కళాశాల స్టోర్‌కు అప్పగించండి. ఆ సీసా ఎవరి చేతికి ఇచ్చారో రికార్డులో రాయించుకోండి.